బానెట్ కింద నీళ్ల డబ్బా: మిగిలిన పెట్రోలు ఎవరి ఖాతాలోకి?

52 సెకన్లు. లీటరు బాటిల్‌ని నీళ్లతో నింపి బకెట్లో బోర్లించి, పెట్రోలు మిగులుతుందని మా బామ్మర్ది కారు బానెట్ కింద బిగించిన నీళ్ల డబ్బా నుంచి వచ్చే సన్న గొట్టాన్ని దాని మూతిలో దూర్చాను. లోపలి నీళ్లన్నీ కిందికి దిగి బాటిల్ గ్యాస్‌తో నిండడానికి అంతసేపు పట్టింది. మూడుసార్లు చూశాను, ఒకటి రెండు సెకన్ల తేడాతో మూడుసార్లూ అంతే. అదే సమయంలో డబ్బాకి పోతున్న వైరు మీద క్లాంప్ మీటర్ పెడితే 18 ఆంపియర్లు చూపించింది. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు.

వాడు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాడు. కుషాయిగూడలో ఇల్లు, ఎక్కువగా ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు. నేను చర్లపల్లిలో ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. పోయిన ఎండాకాలం వాడు 22,000 పెట్టి ఈ కిట్ వేయించాడు. నీళ్లలోంచి హైడ్రోజన్, ఆక్సిజన్ విడగొట్టి ఇంజిన్‌లోకి పంపుతుంది, పెట్రోలు పావు వంతు మిగులుతుంది అని అమ్మినవాళ్లు చెప్పారు. హెచ్‌హెచ్‌ఓ అని కొందరు, బ్రౌన్స్ గ్యాస్ అని కొందరు అనే సరుకు ఇదే. నాకు చెప్పకుండానే వేయించాడు. చెబితే వద్దంటానని.

"బావా, 15న్నర ఇచ్చే బండి ఇప్పుడు 19 దాటుతుంది. నీ లెక్కలు నీ దగ్గర్నే పెట్టుకో" అన్నాడు.

ఆ మాట మీద రెండు నెలలు ఆలోచించాను. వాడు అబద్ధం చెప్పే మనిషి కాదు. పెట్రోలు లీటరు 107 దాటిన ఊళ్లో రోజుకు 150 కిలోమీటర్లు తిరిగేవాడికి మైలేజీ ఎంతొస్తుందో నాకంటే బాగా తెలుసు. పైగా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నప్పటి నుంచి వాడు మైలేజీ పడిపోయిందనే మొత్తుకుంటున్నాడు. అందులో నిజం ఉంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఆ లెక్కన చూస్తే ఈ మిశ్రమంలో శక్తి ఆరేడు శాతం తక్కువ. ఆ తగ్గుదలను జేబులో అనుభవిస్తున్నవాడి దగ్గరకు ఒకడొచ్చి పావు వంతు మిగులుస్తానంటే ఎందుకు వినడు?

వాడు ఇంతకుముందు కంటే తక్కువ పెట్రోలు కాల్చిన మాట నిజం. దానికి కారణం కిట్ మాత్రం కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పడానికే ఇంత పొడుగున రాస్తున్నాను.

సైకిల్ డైనమో

అమ్మినవాళ్లు వాడికి చెప్పిన మొదటి మాట, "ఆల్టర్నేటర్ ఎట్లాగూ తిరుగుతనే ఉంటది కదన్నా, ఆ కరెంటు వేస్టుగా పోతుంది" అని. ఆల్టర్నేటర్ అంటే ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ బండికి కరెంటు పుట్టించేది. మొత్తం వ్యాపారం ఈ ఒక్క వాక్యం మీద నిలబడింది. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతారు.

డైనమో ఉన్న సైకిల్ తొక్కినవాళ్లకు దీని జవాబు కాళ్లలోనే ఉంటుంది. డైనమోని వెనక్కి లాగి ఉంచితే సైకిల్ తేలిగ్గా పోతుంది. టైరుకు ఆనించి లైటు వెలిగించగానే పెడల్ బరువెక్కుతుంది. ఎదురుగాలిలో అయితే లైటు ఆపేసి చీకట్లోనే తొక్కుకుంటూ పోయేవాళ్లం. ఆల్టర్నేటర్ కూడా అంతే. ఖాళీగా తిరిగేటప్పుడు దాదాపు బరువు ఉండదు, ఎన్ని ఆంపియర్లు లాగితే అంత బరువు ఇంజిన్ మీద పడుతుంది. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయర్ ఒకేసారి వేసి చెవి పెట్టి వినండి, ఇంజిన్ ఒక్క క్షణం కిందికి కుంగి మళ్లీ లేస్తుంది.

మా బకెట్ దగ్గరికి వద్దాం. 13.9 వోల్టులు, 18 ఆంపియర్లు అంటే 250 వాట్లు. కారు ఆల్టర్నేటర్ తనకు ఇచ్చిన శక్తిలో సుమారు 55 శాతాన్నే కరెంటుగా మారుస్తుంది కాబట్టి, ఆ 250 కోసం బెల్టు మీద ఇంజిన్ పెట్టాల్సింది 450 వాట్ల దాకా. తిరిగి వచ్చిందేమిటి? నిమిషానికి లీటరుంబావు కూడా లేని గ్యాస్. అందులో మూడింట రెండు వంతులు హైడ్రోజన్. దాన్ని కాలిస్తే పుట్టే వేడి దాదాపు 125 వాట్లు. ఇంజిన్ ఆ వేడిలో పావు వంతునే చక్రం తిప్పే శక్తిగా మార్చగలదు. అంటే 30 వాట్లు చేతికొచ్చాయి. మిక్సీ నడిచేంత ఇచ్చి, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ ఒకటి తిరిగేంత తెచ్చుకున్నాం.

డబ్బాని ఎంత మెరుగుపరిచినా ఈ లెక్క తలకిందులు కాదు. నీళ్లను విడగొట్టడానికి ఎంత శక్తి కావాలో, ఆ రెండింటినీ మళ్లీ కలిపి నీళ్లు చేస్తే అంతే వస్తుంది. దారిలో పోయేదంతా నష్టమే. ఒక్కో సెల్‌కి 1.23 వోల్టులు లేనిదే నీళ్లు విడిపోవడం మొదలే కాదు. ఈ కిట్‌లో ఏడు ప్లేట్ల మధ్య ఆరు సెల్స్ ఉన్నాయి. 13.9ని ఆరుతో భాగిస్తే ఒక్కోదానికి 2.3 వోల్టులు. ఎక్కువైనదాంట్లో చాలావరకు డబ్బాని వేడి చేయడానికే పోతుంది. చెయ్యి పెడితే కాలుతుంది కూడా.

లీటరు నీళ్లు, 700 కిలోమీటర్లు

వాట్లు, వోల్టులు అంటే మా బామ్మర్ది వినడు. అందుకని వాడి భాషలోనే లెక్క చెప్పాను. డబ్బాలో లీటరు నీళ్లు పోస్తే దాదాపు 700 కిలోమీటర్లు నడుస్తుందని అమ్మినవాళ్లే గొప్పగా చెప్పారు. నేను కొలిచిన గ్యాస్‌తో లెక్కేసినా సరిగ్గా అంతే వస్తుంది, సుమారు 30 గంటల సిటీ నడక.

లీటరు నీళ్లలో ఉండే హైడ్రోజన్ 111 గ్రాములు. అందులోని శక్తి మొత్తం కలిపితే 0.42 లీటరు పెట్రోలుకు సమానం. 700 కిలోమీటర్లకు వాడి బండి కాల్చే పెట్రోలు 45 లీటర్లు. పావు వంతు మిగలాలంటే 11 లీటర్లు మిగలాలి. అర లీటరు పెట్రోలు విలువ కూడా చేయని నీళ్లలోంచి 11 లీటర్లు ఎక్కడినుంచి వస్తాయి? ఆ హైడ్రోజన్ కరెంటు ఖర్చు లేకుండా ఊరికే వచ్చినా మిగిలేది ఒక శాతమే.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న మంచిది, నేను దాటేయలేనిది. "పెట్రోలుకు బదులు గ్యాస్ కాలుతుందని వాళ్లు చెప్పలే బావా. గ్యాస్ కలిస్తే పెట్రోలే పూర్తిగా కాలుతుందట."

స్టాన్లీ మేయర్ లాంటివాళ్ల కాలం నుంచి ఈ వ్యాపారం నేర్చుకున్న తెలివి ఇదే. మేయర్ నీళ్లతోనే బండి నడుస్తుందన్నాడు. 1996లో అమెరికాలోని ఓహాయో కోర్టు అతని పరికరంలో మామూలు విద్యుద్విశ్లేషణ తప్ప ఏమీ లేదని తేల్చి, అది ఘోరమైన మోసమని చెప్పి, పెట్టుబడి పెట్టిన ఇద్దరికి 25,000 డాలర్లు వెనక్కి ఇవ్వమంది. అదే 1996లో తమిళనాడులో రామర్ పిళ్లై మూలికా పెట్రోలు అంటూ దేశాన్నంతా ఊపాడు. ఆ కేసులో మూడేళ్ల జైలుశిక్ష పడేసరికి 2016 అయింది. ఇప్పటి కిట్లవాళ్లు ఆ తప్పు చేయరు. నీళ్లు ఇంధనం అనరు, తోడు అంటారు. తోడు అనేసరికి మనం శక్తి లెక్క అడగడం మానేస్తాం.

పూర్తిగా కాలడం అన్న మాటనే తీసుకుందాం. మామూలుగా నడుస్తున్న నేటి పెట్రోలు ఇంజిన్‌లో కాలకుండా పొగగొట్టంలోకి పోయే పెట్రోలు ఒకటి రెండు శాతం మించదు. మిగతా 98 ఇప్పటికే కాలుతోంది. పెట్రోలులో నష్టమయ్యే పెద్ద వాటా వేడిగా పోతుంది, కొంత రేడియేటర్‌లోంచి, కొంత సైలెన్సర్‌లోంచి. కాలని పెట్రోలు రెండు శాతమే ఉన్నప్పుడు, దాన్ని కాల్చి 25 శాతం మిగల్చడం కుదరదు.

హైడ్రోజన్ వైపు ఉన్న న్యాయం

హైడ్రోజన్ పేరెత్తగానే నవ్వేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. పెట్రోలులో హైడ్రోజన్ కలిపితే మంట వేగంగా వ్యాపిస్తుందన్నది నిజం. దాని వల్ల గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ ఉన్న మిశ్రమం కూడా మిస్ కాకుండా మండుతుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1977లోనే మల్టీ సిలిండర్ ఇంజిన్ మీద దీన్ని పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఢిల్లీలో 2020లో 50 బస్సులకు 18 శాతం హైడ్రోజన్ కలిపిన సీఎన్‌జీ పోసి నడిపి చూశారు. ఇవి దొంగ పనులు కావు.

తేడా ఎక్కడంటే, నాసా వాడిన హైడ్రోజన్ సిలిండర్లలోంచి, మెథనాల్‌ని విడగొట్టే యంత్రంలోంచి వచ్చింది. ఢిల్లీ బస్సుల హైడ్రోజన్ డిపోలో తయారైంది. రెండు చోట్లా ఇంజిన్ తన బెల్టు మీద తానే మోసిన కరెంటుతో పుట్టింది కాదు. నితిన్ గడ్కరీ 2022లో పార్లమెంటుకు హైడ్రోజన్ కారులో వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో "నీళ్ల కారు వచ్చేసింది" అని తిరిగింది. అది కూడా బయట తయారైన హైడ్రోజన్‌ని ట్యాంకులో మోసుకొచ్చే బండే.

పరిమాణం కూడా చూడాలి. 1.2 లీటర్ల ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 1200 లీటర్ల దాకా పీల్చుకోగలదు. అందులో మన డబ్బా గ్యాస్ లీటరు చిల్లర. మంట వేగం ఏం మారుతుంది?

ఇక్కడొక సంగతి చెప్పాలి. కిట్‌తో పాటు అగ్గిపెట్టెంత చిప్ ఒకటి ఆక్సిజన్ సెన్సర్ వైరుకు తగిలించారు. దాని పని ఈసీయూని, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని, మభ్యపెట్టడం. నేటి బండ్లలో కంప్యూటర్ ఒక కిలో పెట్రోలుకు (ఇథనాల్ కలపనిదైతే) 14.7 కిలోల గాలి ఉండేలా క్షణక్షణం సరిచేస్తుంటుంది, ఆ నిష్పత్తి దగ్గరే పొగగొట్టంలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి. చిప్ అబద్ధపు సిగ్నల్ ఇస్తే కంప్యూటర్ పెట్రోలు తగ్గిస్తుంది. దీనివల్ల కాస్త మైలేజీ నిజంగానే పెరగొచ్చు. అయితే ఆ పని చేసింది చిప్, హైడ్రోజన్ కాదు. దానికి బదులుగా నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, అవి ఉప్పల్ సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద నిలబడ్డవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది చూసిన రోజే పీకేశాను. డబ్బా విషయంలో ఓపిక పట్టాను గానీ దాని విషయంలో పట్టలేదు.

పరిశోధనా పత్రాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కొన్ని చదివాను. వాటిలో 10 శాతమో 20 శాతమో ఆదా అని తేలినచోట నేను మొదట చూసింది కరెంటు ఎక్కడినుంచి ఇచ్చారని. ల్యాబ్‌లో బయటి పవర్ సప్లై నుంచి ఇచ్చి, ఆ కరెంటుని ఖర్చులో కలపకపోతే ఆదా ఎందుకు కనిపించదు? గోడలోని ప్లగ్ నుంచి వచ్చినదాన్ని పెట్రోలు ఆదాగా రాసుకోవడమే అది.

ఎనిమిది ట్యాంకులు

లెక్కలతో మనిషి మారడు. మారాల్సిన అవసరం కూడా లేదు, వాడి కళ్లతో వాడు చూసింది 19. అందుకే ఒక ఒప్పందం చేసుకున్నాం. డబ్బా స్విచ్చి నా చేతిలో ఉండాలి. డాష్‌బోర్డు మీది పచ్చ లైటు ఎప్పుడూ వెలిగేలా, డబ్బా మాత్రం నేను పెట్టినట్టే ఆన్‌లోనో ఆఫ్‌లోనో ఉండేలా రిలే మార్చాను. వాడు బానెట్ ఎత్తకూడదు. ఎప్పుడూ 500కో వెయ్యికో పోయించేవాడు ఈ పరీక్ష కోసం ప్రతిసారీ ట్యాంక్ ఫుల్ చేయించాలి, ఒకే బంకులో ఒకే పంపు దగ్గర, గన్ మొదటిసారి ఆగగానే ఆపేయాలి. ఫుల్ చేయించాక మా ఇంటికొస్తే నేను నాణెం ఎగరేసి స్విచ్చి పెట్టేవాణ్ని. ఆన్ నాలుగు, ఆఫ్ నాలుగు నిండేదాకా.

ఆన్‌లో ఉన్నప్పుడు 17.2, 18.4, 16.6, 17.8. ఆఫ్‌లో ఉన్నప్పుడు 17.9, 16.8, 18.3, 17.4. సగటు ఒకటి 17.5, రెండోది 17.6.

18.3 వచ్చిన రోజు వాడు చాయ్ తాగుతూ, "ఇది పక్కా ఆన్ ఉన్నదే బావా, పికప్‌లనే తెలుస్తుంది" అన్నాడు. అప్పుడు నేనేం అనలేదు. ఎనిమిదీ అయ్యాక నోటుపుస్తకం వాడి ముందు పెట్టాను. ఆ పేజీ మీద చాలాసేపు వేలు పెట్టి కూచున్నాడు. గెలిచానని నాకు అనిపించలేదు. 22,000 అంటే వాడికి ఎన్ని రాత్రులో నాకు తెలుసు.

నా పరీక్షకు లోపాలున్నాయి. స్విచ్చి ఎటుందో నాకు తెలుసు. ట్యాంకులు ఎనిమిదే. ఒక ట్యాంకుకీ ఇంకో ట్యాంకుకీ మధ్యనే రెండు కిలోమీటర్ల దాకా తేడా వస్తోంది. కాబట్టి కిట్ వల్ల ఒకటి రెండు శాతం లాభమో నష్టమో ఉంటే నా కొలతకు దొరకదు. 25 శాతం ఉంటే మాత్రం దాక్కోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ 17న్నర వస్తుంటే, ముందు 15న్నర ఎందుకు వచ్చింది? కిట్ బిగించిన రోజు ఏమేం చేశారో వరసగా చెప్పమన్నాను. ఎయిర్ ఫిల్టర్ మార్చారు. ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేశారు. థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. టైర్లలో గాలి చూస్తే 24 ఉందట, 33 కొట్టారు. ఇవన్నీ "గ్యాస్ బాగా పట్టడానికి" అని చెప్పి చేశారు. ఆ తర్వాత, "80 దాటకు, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కు, లేకపోతే గ్యాస్ పనిచేయదు" అని జాగ్రత్తలు చెప్పి పంపారు.

ఆ ఎయిర్‌పోర్ట్ ట్రిప్పుల మనిషి ఔటర్ రింగ్ రోడ్డు మీద 110కి తగ్గని మనిషి. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 110 నుంచి 80కి దిగితే అది దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బా మీద నమ్మకంతో వాడు మెల్లగా నడిపాడు. రోజూ మైలేజీ చూసుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపడం మొదలుపెట్టాడు. ఇదంతా వాడి కాలు చేసిన పని, వాడి శ్రద్ధ చేసిన పని. ఆ పేరంతా డబ్బాకి పోయింది, దాని కోసం వాడే 22,000 కట్టాడు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. సరుకు పనిచేయకపోవడం ఒక మోసం. కష్టపడి పొదుపు చేసినవాడికి "ఇది నీది కాదు, మా డబ్బాది" అని నమ్మించడం అంతకంటే పెద్ద మోసం.

గొట్టంలో ఉన్నది

భద్రత గురించి కొద్దిగా. "సీఎన్‌జీ కంటే సేఫ్, ట్యాంకే లేదు కదా" అంటారు. సీఎన్‌జీ సిలిండర్‌లో గ్యాస్ ఒక్కటే ఉంటుంది, ఆక్సిజన్ లేదు కాబట్టి అది లోపల మండదు. ఈ గొట్టంలో హైడ్రోజనూ ఆక్సిజనూ మండడానికి సరిగ్గా సరిపోయే పాళ్లలో కలిసే ఉంటాయి. నిప్పురవ్వ తగిలితే చాలు. మధ్యలో నీళ్ల బబ్లర్ పెట్టేది మంట వెనక్కి డబ్బాలోకి పోకుండా ఆపడానికే, అందులో నీళ్లు అయిపోతే ఆపేదేమీ లేదు. డబ్బాలో ఉన్నవి ఉత్త నీళ్లూ కావు, కరెంటు పారడానికి పొటాషియం హైడ్రాక్సైడ్ కలుపుతారు. కంట్లో పడితే చూపు పోయేంత ఘాటైన క్షారం అది. ఇంకొకటి, డబ్బా వేడెక్కేకొద్దీ ఆ ద్రావణం ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. నేను పొద్దున చూసినప్పుడు 18 ఆంపియర్లు. మేలో మధ్యాహ్నం ఎయిర్‌పోర్ట్ నుంచి తిరిగొచ్చాక చూస్తే 26. ఫ్యూజు 30.

సీఎన్‌జీ కిట్ వేయిస్తే ఆమోదం ఉన్న కిట్ కావాలి, ఆర్‌సీలో ఎక్కాలి. దీనికి అవేవీ చూపించలేదు. రేపు బానెట్‌లో మంట వస్తే ఇన్సూరెన్స్‌వాళ్లు ఏమడుగుతారో ఊహించడం కష్టం కాదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మైలేజీ పెంచుతానని ఎవరు ఏది అమ్మినా, ముందు డ్రైవర్‌కి తెలియకుండా ఆన్, ఆఫ్ చేసి కొలిచిన కాగితం చూపించాలి. సబ్బు బుడగలో గ్యాస్ నింపి అగ్గిపుల్లతో టప్‌మని పేల్చి చూపించడం రుజువు కాదు. ఆ గ్యాస్ మండుతుందని అందరికీ తెలుసు. మనలో క్లాంప్ మీటర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఇలాంటి వీడియోలకు కింద నవ్వు బొమ్మ పెట్టి పోకుండా, తెలిసిన డ్రైవర్ దగ్గర ఒక ఆదివారం కూచోవాలి.

డబ్బా ఇప్పుడు మా మేడ మీద ఉంది. డబ్బు వెనక్కి అడిగితే, అమ్మినవాళ్లు నీళ్లు సరిగ్గా పోయలేదన్నారు. మా బామ్మర్ది నోటుపుస్తకం మాత్రం ఆపలేదు. పోయిన వారం ఫోన్ చేసి, "18.6 బావా" అన్నాడు. ఏం చేశావంటే, టైర్లు చూపించుకున్నా అన్నాడు. కాసేపాగి, "ఇంజిన్ మాత్రం డబ్బా ఉన్నప్పుడు సాఫ్‌గా నడిచేది" అన్నాడు. కొత్త ప్లగ్గుల వల్ల అయ్యుండొచ్చని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు.

ఇలాంటి కిట్ మీ బండికి ఉంటే స్విచ్చి వేరేవాళ్ల చేతికిచ్చి ఎనిమిది ట్యాంకులు కొలవండి. ఆన్‌కీ ఆఫ్‌కీ నిజంగా తేడా వస్తే అంకెలు నాకు పంపండి. నేనే మీ దగ్గరికొచ్చి మళ్లీ కొలుస్తాను. తేడా నిలబడితే ఇక్కడే రాస్తాను.